మత్తంటే నిద్ర కాదు.. మెదడులో మాటలు ఆగిపోవుడు

ఆపరేషన్ అనంగనే చాలామందికి కత్తి కంటే మత్తు భయమే ఎక్కువ. ‘మళ్లీ లేస్తనా, లేవనా’, ‘మధ్యల మెలకువ వస్తే ఎట్ల’, ‘మత్తు తర్వాత మతిమరుపు వస్తదట కదా’.. ఆపరేషన్ థియేటర్ల బయట రోజూ వినిపించే మాటలే ఇవి. దీనికి ఆస్పత్రిలో దొరికే జవాబు ఒక్కటే: ‘ఏం కాదమ్మా, కొద్దిసేపు నిద్రపుచ్చుతం’. ధైర్యం చెప్పనీకి ఆ మాట మంచిదే గాని, అది పూర్తి నిజం కాదు. మత్తు నిద్ర కాదు. అట్లని మెదడును బంద్ పెట్టుడు కూడా కాదు. మత్తులో మెదడు పనిచేస్తనే ఉంటది. దాని భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునుడు మాత్రం తెగిపోతది. గత ఇరవై ఏండ్లలో సైంటిస్టులు తేల్చిన ముఖ్యమైన సంగతి ఇదే. ఇది తెలిస్తే భయం కొంత తగ్గుతది. అంతకంటే ముఖ్యంగా, మత్తు డాక్టర్‌కు ఏం చెప్పాలె, ఏం దాచొద్దు అనేది అర్థమైతది.

నిద్రకు, మత్తుకు తేడా ఏంది?

నిద్ర మన ఒంటికి సొంతం. గాఢ నిద్ర, కలల నిద్ర సుమారు గంటన్నరకోసారి మారుతుంటయ్. ఎంత గాఢ నిద్రలో ఉన్నా గట్టిగా పిలిచినా, గిల్లినా లేస్తం. దోమ కుడితే చెయ్యి దానంతట అదే పోతది. ఆపరేషన్‌కు ఇచ్చే పూర్తి మత్తులో ఇవేవీ ఉండయ్. చర్మం కోసినా మెలకువ రాదు. దగ్గు, మింగుడు లాంటి ఒంటి రక్షణలు మందగిస్తయ్. శ్వాస తగ్గుతది, ఒక్కోసారి ఆగిపోతది కూడా. బీపీ పడిపోతది. అందుకే మత్తులో ఉన్న మనిషి పక్కన శ్వాస చూసుకునే మనిషి, మిషన్ రెండూ ఉండాలె.

ఈ తేడాను మర్చిపోతే ఏమైతదో 2009లో ప్రపంచమంతా చూసింది. పాప్ సింగర్ మైకేల్ జాక్సన్ నిద్ర పడ్తలేదని ఇంట్లోనే ప్రొపోఫాల్ ఎక్కించుకున్నడు. అది ఆస్పత్రుల్లో ఆపరేషన్లకు వాడే మందు. సరైన మానిటర్లు లేవు, పక్కన కనిపెట్టుకొని చూసేటోళ్లు లేరు. ప్రాణం పోయింది. మందు ఇచ్చిన డాక్టర్‌ను 2011లో కోర్టు దోషిగా తేల్చింది. మత్తును నిద్రమాత్ర అనుకుంటే జరిగే ప్రమాదం అది.

మందు ఎక్కడ పనిచేస్తది?

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నయ్. ఇవి చిన్న చిన్న కరెంటు సిగ్నళ్లతో, రసాయనాలతో మాట్లాడుకుంటయ్. కొన్ని రసాయనాలు పక్క కణాన్ని ఉసిగొల్పుతయ్, కొన్ని దానికి బ్రేక్ వేస్తయ్. బ్రేక్ వేసే వాటిలో పెద్దది గాబా. ప్రొపోఫాల్, మిడజోలం సూదులు, సెవోఫ్లూరేన్ లాంటి గ్యాస్ మందులు ఈ గాబా బ్రేక్‌ను ఇంకా గట్టిగా తొక్కుతయ్. ప్రొపోఫాల్ నరానికి ఎక్కిస్తే నిమిషంలోపే మనిషి స్పృహ తప్పేది అందుకే.

తలకు తీగలు అంటించి చేసే ఈఈజీ పరీక్షలో ఈ మార్పు కండ్లకు కనబడ్తది. మెలకువగా ఉన్నప్పుడు అలలు చిన్నగా, వేగంగా ఉంటయ్. మత్తు మొదలయ్యేటప్పుడు ఒక వింత జరుగుతది. మెదడు నెమ్మదించాల్సింది పోయి, కొద్దిసేపు అలల వేగం పెరుగుతది. కొందరు అప్పుడే అడ్డదిడ్డంగా మాట్లాడ్తరు, నవ్వుతరు, లేచిపోనీకి చూస్తరు. మందు ఇంకొంచెం ఎక్కినంక రెండు తీర్ల అలలు కలిసి వస్తయ్. ఒకటి సెకనుకు ఒకసారి కూడా రాని పెద్ద పెద్ద నెమ్మది అలలు. రెండోది సెకనుకు 8 నుంచి 12 సార్లు వచ్చే ఆల్ఫా అలలు. మెలకువలో కండ్లు మూసుకుంటే ఈ ఆల్ఫా అలలు తల వెనుక భాగంలో గట్టిగా ఉంటయ్. ప్రొపోఫాల్ మత్తులో నుదుటి వైపుకు మారుతయ్. ఇంకా మత్తు ఎక్కువైతే గీత చదునుగా పోయి, మధ్య మధ్యల ఒక్కసారి ఎగసిపడ్తది. ‘ఇంత లోతు అవసరం లేదు’ అని చాలా ఆపరేషన్లలో డాక్టర్‌ను హెచ్చరించే గుర్తు ఇది.

తెగేది కరెంటు కాదు.. కనెక్షన్

మరి స్పృహ ఎట్ల పోతది? అమెరికాలోని బోస్టన్ సైంటిస్టులు 2012లో ఒక స్టడీ ప్రచురించిన్రు. మూర్ఛ జబ్బు ట్రీట్‌మెంట్ కోసం మెదడులో ముందే ఎలక్ట్రోడ్లు పెట్టించుకున్న ముగ్గురు పేషెంట్లకు ప్రొపోఫాల్ ఇచ్చేటప్పుడు, కణాల సిగ్నళ్లను నేరుగా రికార్డు చేసిన్రు. స్పృహ తప్పే ఆ కొన్ని సెకన్లలోనే నెమ్మది అలలు ఒక్కసారిగా లేచినయ్. ఆ అల ఒక దశలో ఉన్నప్పుడే కణాలు సిగ్నల్ ఇస్తయ్, మిగతా టైమంతా గప్‌చుప్. ఒకచోట కణాలు మేల్కొన్నప్పుడు కొంచెం దూరంలో ఉన్నయ్ ఊరుకుంటయ్. అవి లేచేసరికి ఇవి మూతపడ్తయ్.

రోజుకు ఒక్క గంట తెరిచే రెండు ఆఫీసులున్నయ్ అనుకోండి. ఒకటి పొద్దున తెరుస్తరు, ఇంకోటి సాయంత్రం తెరుస్తరు. రెండింట్లో ఉద్యోగులున్నరు, కరెంటు ఉంది, ఫోన్ ఉంది. కానీ ఒకరు ఫోన్ చేస్తే అవతల ఎత్తేటోళ్లు ఉండరు. పని సాగదు. మత్తులో మెదడు సంగతీ అట్లనే ఉంటది. దగ్గర దగ్గర కణాల మధ్య పని చాలావరకు నడుస్తనే ఉంటది. దూరం భాగాల మధ్య మాట కలవదు.

దీన్ని ఇంకో తీరుగా కూడా పరీక్షించిన్రు. తల బయటి నుంచి అయస్కాంత శక్తితో మెదడును ఒకచోట చిన్నగా తట్టి, ఆ కదలిక ఎంత దూరం పోతదో ఈఈజీలో చూసిన్రు. మెలకువగా ఉంటే అది ఒక భాగం నుంచి ఇంకో భాగానికి, అక్కడి నుంచి మరోదానికి పాకుతది. ఒక్కోచోట ఒక్కో తీరుగా జవాబు వస్తది. మిడజోలంతో స్పృహ తప్పినోళ్లలో మాత్రం తట్టిన చోటే గట్టిగా ఊగి, అక్కడే ఆరిపోయింది. 2010లో వచ్చిన స్టడీ ఇది. ఆ జవాబు ఎంత సంక్లిష్టంగా ఉందో లెక్కగట్టి, మనిషికి స్పృహ ఉందా లేదా అంచనా వేసే పద్ధతిని 2013లో తెచ్చిన్రు. కోమాలో ఉండి పలకలేని పేషెంట్ల విషయంలో ఇప్పుడు ఈ పద్ధతి రీసెర్చ్‌కు పనికొస్తున్నది.

ఇంకో ముఖ్యమైన సంగతి.. మత్తులో చెవులు పూర్తిగా మూసుకుపోవు. శబ్దం మెదడుకు చేరుతది. వినికిడికి సంబంధించిన భాగం దానికి స్పందిస్తది. తేలిక మత్తులోనే మాట శబ్దంగా అందుతది గాని, వాక్యం అర్థం చేసుకునే శక్తి ముందుగా పోతదని ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2007లో చూపించిన్రు. కబురు గడప దాకా వస్తది, లోపల తీసుకునేటోళ్లు ఉండరు. నుదుటి భాగం నుంచి మెదడు వెనుక వైపుకు పోవాల్సిన సిగ్నళ్లు మూడు వేర్వేరు మత్తు మందులతోనూ తగ్గినయని 2013లో ఇంకో స్టడీ చెప్పింది. అందుకే మత్తులో ఉన్న మనిషి పక్కన నోటికొచ్చింది మాట్లాడొద్దని మంచి డాక్టర్లు తమ టీమ్‌కు చెప్తరు.

అన్ని మందులూ ఒక్క తీరు కావు

కెటమిన్ అనే మందు గాబా బ్రేక్ తొక్కదు. ఎన్ఎండీఏ అనే ఇంకో గేటును మూస్తది. దీంతో అలలు నెమ్మదించకుండా, కొన్ని వేగంగా వస్తయ్. మనిషి కండ్లు తెరిచే ఉండొచ్చు, కానీ ఈ లోకంతో సంబంధం ఉండదు. వింత కలలు వస్తయ్. లేచినంక ‘ఎక్కడికో తేలిపోయిన’ అని చెప్పేటోళ్లు అందుకే ఉంటరు. అది పిచ్చి కాదు, దయ్యం కాదు, మందు పని. ఈ మందు మామూలుగా శ్వాసను పెద్దగా తగ్గించదు. అందుకే యాక్సిడెంట్ కేసుల్లో, సౌలతులు తక్కువున్న చోట ఇది చాలా అక్కరకొస్తది.

డెక్స్‌మెడిటోమిడిన్ అనేది ఇంకో రకం. ఇది మెదడు కాండంలో మెలకువను నిలిపే చిన్న కేంద్రాన్ని శాంతపరుస్తది. మందులన్నిటిలో మామూలు నిద్రకు కొంచెం దగ్గరగా ఉండేది ఇదే. గట్టిగా పిలిస్తే పేషెంట్ కండ్లు తెరిచి జవాబిస్తడు, మళ్లీ మత్తులోకి పోతడు. ఐసీయూల్లో దీన్ని వాడేది ఇందుకే.

మత్తులో మెట్లు కూడా ఉంటయ్. తేలిక మత్తు, మధ్యస్థ మత్తు, లోతు మత్తు, పూర్తి మత్తు. ఎండోస్కోపీకి, పంటి పనికి ఇచ్చేది చాలావరకు మొదటి రెండు మెట్ల మత్తే. కానీ ఒకరికి తేలికగా ఉండే డోసు ఇంకొకరిని లోతుకు దించొచ్చు. ‘చిన్న సూదే కదా’ అని మానిటర్ లేకుండా ఇచ్చుడు మంచిది కాదు.

కొన్ని ఆపరేషన్లలో కావాలనే మెలకువ ఉంచుతరు. 2022లో సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రి డాక్టర్లు ఒక పేషెంట్‌కు చిరంజీవి ‘అడవి దొంగ’ సినిమా చూపించుకుంట మెదడులో గడ్డ తీసిన్రు. విన్నోళ్లు ముక్కున వేలేసుకున్నరు. మెదడుకు సొంతంగా నొప్పి తెలవదు. తల చర్మానికి తిమ్మిరి సూదులిస్తే చాలు. పేషెంట్ మాట్లాడుకుంట, చెయ్యి కదిలించుకుంట ఉంటే, మాటను, చేతిని నడిపే భాగాలకు కత్తి తగలకుండా చూసుకోవచ్చు.

మధ్యల మెలకువ వస్తే?

చాలామందికి ఉండే అసలు భయం ఇది. బ్రిటన్, ఐర్లాండ్‌లో పెద్ద ఎత్తున సర్వే చేసి 2014లో రిపోర్టు ఇచ్చిన్రు. పూర్తి మత్తు ఇచ్చిన సుమారు 19 వేల మందిలో ఒక్కరు, ఆపరేషన్ మధ్యల మెలకువ వచ్చిందని తమంతట తాము చెప్పిన్రు. కండరాలు కదలకుండా చేసే మందు కూడా ఇచ్చిన కేసుల్లో సుమారు 8 వేలకు ఒకరు. ఆ మందు ఇయ్యని కేసుల్లో లక్షా 36 వేలకు ఒకరు. పూర్తి మత్తులో చేసిన సిజేరియన్లలో మాత్రం సుమారు 670 మందికి ఒకరు. సిజేరియన్‌కు వీలైనంత వరకు నడుముకు సూది ఇచ్చేదానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆ సూది తీసుకున్నప్పుడు మెలకువ ఉండుడు మామూలే, నొప్పి మాత్రం తెలవదు.

అయితే గుర్తుండుడు వేరు, ఆ టైమ్‌లో స్పృహ ఉండుడు వేరు. కండరాల మందు ఇచ్చే ముందు ఒక చేతికి బీపీ పట్టీ బిగిస్తే ఆ చేతికి మందు చేరదు. తర్వాత ‘చెయ్యి పిండు’ అని అడుగుతరు. ఈ పద్ధతితో వేర్వేరు దేశాల ఆస్పత్రుల్లో 260 మందిని పరీక్షించి 2017లో ప్రచురించిన్రు. గొంతులో ట్యూబ్ వేసినంక 12 మంది చెయ్యి పిండి జవాబిచ్చిన్రు. లేచినంక అడిగితే ఎవ్వరికీ ఏదీ గుర్తులేదు. అంటే తెగిన కనెక్షన్ ఒక్కోసారి కొంచెం కలుస్తది, కానీ జ్ఞాపకం దాకా పోదు.

నుదుటికి పట్టీ అంటించి మత్తు లోతును 0 నుంచి 100 దాకా అంకెతో చూపించే మిషన్లు ఇప్పుడు పెద్ద ఆస్పత్రుల్లో ఉన్నయ్. బిస్ అనేది అందులో ఒకటి. 40 నుంచి 60 మధ్య ఉంటే పూర్తి మత్తుకు సరిపోతదని లెక్క. మంచి సాయమే, కానీ అదే దేవుడు కాదు. కెటమిన్ ఇస్తే మనిషి మత్తులో ఉన్నా అంకె పెరగొచ్చు. అంకెతో పాటు అలలను, మనిషిని కూడా చూసే డాక్టర్ ఉండాలె.

ఏది చూడాలె? హైదరాబాద్‌లో పుట్టిన పంచాయితీ

మత్తులో దేన్ని కనిపెట్టుకొని ఉండాలనే ప్రశ్న మన గడ్డకు కొత్త కాదు. 1846లో బోస్టన్‌లో ఈథర్‌తో, మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో క్లోరోఫాంతో మత్తు వైద్యం ప్రపంచానికి పరిచయమైంది. క్లోరోఫాం ఇచ్చిన పేషెంట్లలో కొందరు ఉన్నట్టుండి చనిపోతుంటే, శ్వాస ఆగి పోతున్నరా, గుండె ఆగి పోతున్నరా అని పెద్ద గొడవ నడిచింది. దీన్ని తేల్చనీకి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పైసలతో 1888, 1889లో రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేసినయ్. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వీటిని నడిపించిండు. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టర్ వచ్చిండు. హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో చదివి ఇక్కడే క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టర్ అంటరు.

వందల జంతువుల మీద పరీక్షలు చేసి, ముందు ఆగేది శ్వాసే, దాన్ని కనిపెట్టుకుంటే చాలని కమిషన్ తేల్చింది. శ్వాస మీద ధ్యాస పెట్టమన్నది మంచి మాటే. కానీ గుండె గురించి బేఫికర్‌గా ఉండొచ్చు అన్నది తప్పని, క్లోరోఫాం గుండె లయను కూడా చెడగొడ్తదని 1911లో లెవీ అనే పరిశోధకుడు చూపించిండు. ఒక్క గుర్తును నమ్ముకుంటే సరిపోదని ఆ పంచాయితీ నేర్పింది. ఇయ్యాల శ్వాస, ఆక్సిజన్, గుండె, బీపీ అన్నీ చూస్తున్నరు. వాటికి తోడు మెదడును చూసే రోజులు వచ్చినయ్.

కల్లు సంగతి దాచొద్దు

గాబా బ్రేక్ గురించి చెప్పుకున్నం కదా, దాంతో మన ఊర్లకు నేరుగా సంబంధం ఉంది. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డైజెపాం పనిచేసేది ఆ గాబా బ్రేక్ మీదనే. ఏండ్ల తరబడి అట్లాంటి కల్లు తాగినోళ్ల మెదడు ఆ మందుకు అలవాటు పడ్తది. సారా, బ్రాందీ రోజూ తాగేటోళ్లదీ ఇంచుమించు ఇదే కథ. వీళ్లకు మామూలు డోసు మత్తు సరిపోకపోవచ్చు. అదే రోజు తాగి వస్తే మందు మీద మందు పడి శ్వాస ఆగే ప్రమాదం ఉంటది.

ఇంకో గండం ఆపరేషన్ తర్వాత వస్తది. ఆస్పత్రి మంచం మీద రెండు మూడు రోజులు కల్లు అందకపోతే ఒళ్లు వణుకుడు, చెమటలు, పిచ్చి చూపులు, ఫిట్స్ మొదలవుతయ్. 2015లో కల్తీ మీద దాడులు జరిగి మందు కలిపిన కల్లు దొరకనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం ఇట్లనే ఆస్పత్రులకు పోటెత్తిన్రు. ఆపరేషన్ తర్వాత ఇట్లయితే ఇంట్లోళ్లు ‘మత్తు వికటించింది’ అనుకుంటరు. ముందే చెప్తే డాక్టర్ దానికి తగ్గట్టు మందు ఇస్తడు. ఇజ్జత్ పోతదని దాచిపెడితే పోయేది ప్రాణం. నిద్రమాత్రలు, ఫిట్స్ గోలీలు, గంజాయి అలవాటు సంగతి కూడా చెప్పాలె. రోజూ వేసుకునే నిద్రమాత్రలను ఆపరేషన్ ఉందని సొంతంగా ఒక్కసారే బంద్ పెట్టొద్దు.

చిన్నోళ్లు, పెద్దోళ్లు

‘మత్తిస్తే పిల్లల తెలివి తగ్గుతదా’ అని తల్లిదండ్రులు అడుగుతుంటరు. హెర్నియా ఆపరేషన్ అయిన 700 మందికి పైగా పసిపిల్లలను ఐదేండ్ల దాకా ఫాలో అయి చేసిన స్టడీ 2019లో వచ్చింది. గంటలోపు పూర్తి మత్తు ఇచ్చినోళ్లకు, నడుము దగ్గర సూదితో మెలకువగా ఆపరేషన్ చేసినోళ్లకు తెలివితేటల్లో తేడా కనబడలేదు. మూడేండ్ల లోపు పిల్లలకు మూడు గంటలకు మించి, లేదా మళ్లీ మళ్లీ ఇచ్చేటప్పుడు మాత్రం ఆలోచించాలని అమెరికా మందుల సంస్థ 2016లో హెచ్చరించింది. అవసరమైన ఆపరేషన్‌ను భయంతో వాయిదా వేస్తే నష్టమే.

పెద్దోళ్ల సంగతి వేరు. వయసు పెరిగిన కొద్దీ మత్తులో వచ్చే ఆల్ఫా అలలు పల్చబడ్తయ్. తక్కువ మందుకే మెదడు లోతుకు పోతది. ఆపరేషన్ తర్వాత ఒకట్రెండు రోజులు మనుషులను గుర్తుపట్టకపోవుడు, రాత్రి లేచి గొడవ చేసుడు పెద్దవయసోళ్లలో కనబడ్తది. ఆపరేషన్ దెబ్బ, నొప్పి, ఇన్ఫెక్షన్, నిద్రలేమి అన్నీ కలిసి దీన్ని తెస్తయ్. లేవంగనే కండ్లద్దాలు, చెవి మిషన్ పెట్టాలె. తెలిసిన ముఖం పక్కన ఉండాలె. పగలు వెలుతురు, రాత్రి నిద్ర దొరకాలె. ఇవి కూడా మందులంత పనిచేస్తయ్.

లేచినంక కూడా జర పైలం

మందు ఆపంగనే మెదడు లైటు వేసినట్టు ఒక్కసారే వెలగదు. అమెరికాలో 30 మంది ఆరోగ్యవంతులకు ఆపరేషన్ లేకుండా మూడు గంటలు గ్యాస్ మత్తిచ్చి, లేచినంక పరీక్షలు పెట్టిన్రు. 2021లో ఫలితం వచ్చింది. ఆలోచించి తేల్చుకునే శక్తి అనుకున్నదాని కంటే ముందే తిరిగొచ్చింది. మిగతావి ఒక్కొక్కటిగా వచ్చి, మూడు గంటలకల్లా చాలావరకు మామూలైనయ్. వాళ్లు వయసులో ఉన్న, జబ్బు లేని మనుషులని యాదుంచుకోవాలె. అందుకే మత్తు తీసుకున్నంక ఒక రోజంతా బండి నడపొద్దు, కాగితాల మీద సంతకాలు పెట్టొద్దు, ఒంటరిగా ఇంటికి పోవొద్దు అని చెప్తరు.

ఆపరేషన్ ముందు కడుపు ఖాళీగా ఉంచమనేదీ ఇందుకే. మత్తులో దగ్గు రాదు, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతది. మామూలుగా అన్నం, టిఫిన్‌కు ఆరు గంటల గ్యాప్, మంచినీళ్లకు రెండు గంటల గ్యాప్ ఉండాలె. మీ డాక్టర్ ఇంకా ఎక్కువ చెప్తే అదే పాటించాలె. ‘కొంచెం చాయ్ తాగితే ఏమైతది’ అని పాల చాయ్ తాగి చెప్పకుండా ఉండొద్దు.

సర్జన్ ఎవరని పది మందిని అడిగి పోతం. మత్తు ఎవరిస్తున్నరని ఒక్కరమూ అడగం. ఆపరేషన్ నడిచినంత సేపు మన శ్వాస, గుండె, మెదడు ఆ డాక్టర్ చేతిలోనే ఉంటయ్. మత్తు డాక్టర్‌ను ఆపరేషన్‌కు ముందే కలిసి మాట్లాడే హక్కు ప్రతి పేషెంట్‌కు ఉంది. జిల్లా దవాఖానలో అయినా, కార్పొరేట్‌లో అయినా ఆ పది నిమిషాలు ఇయ్యాలె. పాత ఆపరేషన్‌లో ఇబ్బంది, అలర్జీ, గురక, వాడే మందులు, తాగుడు.. అన్నీ మనమూ ఆ పది నిమిషాల్లోనే చెప్పాలె. మత్తులోకి పోయినంక మన మెదడులో భాగాలే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. మన తరఫున ఎవరికీ ఏం చెప్పలేవు. చెప్పాల్సిందేదో ముందే చెప్పుకోవాలె.